మొక్కు నడకకు ముందు నాలుగు నెలలు

మనవారు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఇంటివారు మొక్కుకోవడం సహజం. "పిల్లవాడు లేచి తిరిగితే మెట్లెక్కి వస్తాను", "ఆపరేషను మంచిగా జరిగితే ఇంటి నుంచి నడిచి వస్తాను" అని తల్లులు, భార్యలు, అన్నదమ్ములు మొక్కుకుంటారు. ఏ మతం వారిలోనైనా ఇది చూస్తూనే ఉంటాము. రోగి కోలుకుని ఇంటికి చేరిన వారం పది రోజుల్లోనే నడకకు బయలుదేరేవారు కూడా ఉన్నారు.

ఇలా బయలుదేరేవారిలో చాలామంది యాభై దాటినవారు. ఎన్నో ఏళ్ళుగా బజారుకు కూడా ఆటోలో వెళ్ళినవారు. పైగా వార్డులో రోగి పక్కన పది పదిహేను రాత్రులు నేల మీద నిద్రపోయి, వేళకు తినక, తమ మాత్రలు తామే మరచిపోయినవారు. రోగిని గురించి అందరూ అడుగుతారు గాని, రోగిని చూసుకున్న మనిషి ఎలా ఉన్నారని అడిగేవారు తక్కువ. ఈ పాఠం ఆ మనిషి కోసం, ఆ మనిషిని కాపాడుకోవలసిన ఇంటివారి కోసం.

వయసు వచ్చిందని నడక మానుకోనవసరం లేదు. యాభై, అరవై దాటిన తరువాత మొదలుపెట్టినా శరీరం నడక నేర్చుకుంటుంది. అయితే నేర్చుకోవడానికి సమయం కావాలి. మొక్కు తీర్చే రోజును మనం నిర్ణయించుకోవచ్చు. శరీరం సిద్ధమయ్యే రోజును మనం తొందరపెట్టలేము. అందుచేత నాలుగు నెలలు ఆగండి. ఆ నాలుగు నెలలూ ఏమి చేయాలో తెలుసుకుందాం.

ముందుగా దారి ఎంతో తెలుసుకోండి

"అందరూ వెళ్తున్నారు, మేమూ వెళ్తాం" అనుకోకుండా, దారి పొడవు, ఎక్కుడు, నీడ, నీరు, వైద్య సదుపాయం గురించి ముందే కనుక్కోవాలి.

తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. దూరం సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం 2 కిలోమీటర్ల పైచిలుకు. దూరం తక్కువ కదా అని శ్రీవారి మెట్టు సులభమని కొందరు అనుకుంటారు. తక్కువ దూరంలో అంత ఎత్తు ఎక్కాలి కాబట్టి ఆయాసం అక్కడే ఎక్కువ. మామూలు డాబా ఇంటికి 20 మెట్లు అనుకుంటే, 3,550 మెట్లంటే దాదాపు 175 అంతస్తులు ఎక్కినట్లు.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తమిళనాడులోని అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. ఇవి చాలావరకు రోడ్డు నడకలే. మెట్ల కష్టం లేకపోయినా, గట్టి రోడ్డు మీద గంటల తరబడి నడవడం వలన పాదాలకు దెబ్బ. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత ఉత్సవాలకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నడిచి వచ్చి కొండ మెట్లు ఎక్కేవారు ఉన్నారు. శివరాత్రికి, ఉగాదికి నల్లమల అడవి గుండా శ్రీశైలం నడిచి వెళ్ళేవారికి మధ్యలో సహాయం దొరకడం కష్టం. మొదటిసారి నడిచే పెద్దవారు అడవి దారి పెట్టుకోకూడదు.

ఇంకొక ముఖ్యమైన మాట. 60 ఏళ్ళు దాటినవారు, బీపీ, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, కీళ్ళ వ్యాధులు ఉన్నవారు కాలినడకన కొండ ఎక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానం 2024 అక్టోబరులో సూచించింది. మీ ఇంటి పెద్దలు ఈ లెక్కలోకి వస్తే మెట్ల దారి వద్దు. బస్సులో వెళ్ళిరావడం వలన మొక్కుకు లోటు జరిగిందని బాధపడుతుంటే, మీ పెద్దలతోను, గుడి వారితోను ముందే మాట్లాడి మనసు కుదుట పరచుకోండి. అలాంటివారు కూడా డాక్టరు అనుమతితో చదునైన దారిలో నడక అలవాటు చేసుకోవచ్చు. అది అన్నివిధాలా మేలు.

ఒక్కసారిగా ఎందుకు వద్దు?

నడక మొదలుపెట్టినప్పుడు శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలపడవు.

1. గుండె, ఊపిరి: ఇవి త్వరగా దారికి వస్తాయి. రోజూ నడిస్తే నాలుగైదు వారాల్లోనే ఆయాసం తగ్గినట్లు తెలుస్తుంది.

2. కండరాలు: తొడలు, పిక్కలు బలపడడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

3. ఎముకలు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్ళలాంటి కట్లు: ఈ కట్లకు రక్త ప్రసరణ తక్కువ. ఇవి బలపడడానికి నెలలు పడుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గుతుంది. "ఇక నాకేమీ లేదు" అని దూరం రెట్టింపు చేస్తారు. ఊపిరి ఒప్పుకుంటుంది గాని మడమ, మోకాలు ఒప్పుకోవు. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు, మోకాలి వాపు, పిక్క నొప్పి మొదలవుతాయి. నడక మూలపడుతుంది.

అసలు సిద్ధపడకుండా వెళ్ళినవారికి ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. అలవాటు లేని మనిషి ఒక్కసారిగా తీవ్రంగా శ్రమపడినప్పుడు గుండెపోటు వచ్చే అవకాశం, రోజూ శ్రమపడే మనిషికన్నా చాలా ఎక్కువ. బీపీ, షుగరు, పొగ అలవాటు ఉండి, నిద్ర లేక అలసిపోయి ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రోగిని బతికించుకున్న ఇంట్లో ఇంకొకరు మంచం పట్టకూడదు కదా!

మీరు ఇక్కడ ఉండగానే చేయించుకోవలసిన పరీక్షలు

రోగి కోసం ఎలాగూ ఆసుపత్రిలోనే ఉన్నారు. ఒక పూట ఓపీలో మీకోసం చీటీ రాయించుకోండి.

1. బీపీ. రెండు మూడు రోజులు వేరు వేరు వేళల్లో చూపించుకోవాలి.
2. పరగడుపున షుగరు.
3. హిమోగ్లోబిన్. ఆడవారికి 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. "వయసు వచ్చింది, అందుకే ఆయాసం" అనుకునే ఎంతోమంది తల్లులకు అసలు కారణం రక్తం తక్కువ కావడమే.
4. బరువు.
5. డాక్టరు చెబితే ఈసీజీ, ఇతర గుండె పరీక్షలు.

ఈ క్రింది లక్షణాలు ఉన్నవారు డాక్టరు చూసి సరే అనేవరకు నడక సాధన కూడా మొదలుపెట్టకూడదు: నడిస్తే ఛాతీలో బరువు లేక నొప్పి, పడుకుంటే ఆయాసం, కాళ్ళ వాపు, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోవడం, గుండెకు స్టెంటు లేక ఆపరేషను, ఈ మధ్య జరిగిన ఏ ఆపరేషను అయినా, పాదం మీద మానని పుండు. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గిపోయే నొప్పి ఉంటే అది వట్టి అలసట కాకపోవచ్చు. కాలి రక్తనాళం మూసుకుపోతున్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. తప్పక చెప్పండి.

మా పిల్లల వార్డులో డెంగ్యూ జ్వరంతో ఉన్న మనవడి దగ్గర పన్నెండు రోజులు కూర్చున్న ఒక అమ్మమ్మ ఉంది. వయసు 57. బాబు ఇంటికి వెళ్ళిన వెంటనే తన ఊరి నుంచి గుణదలకు నడిచి వెళ్ళాలని మొక్కుకున్నది. దూరం సుమారు 20 కిలోమీటర్లు. డిశ్చార్జి రోజున బీపీ చూస్తే పై లెక్క 170 దాటింది. ఆమెకు బీపీ ఉన్నట్లు అప్పటివరకు తెలియదు. మొదట ఆమె ఒప్పుకోలేదు. "మాట తప్పినట్లు అవుతుంది సిస్టరమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "మాట తప్పమనడం లేదమ్మా, మాట నిలుపుకునే బలం తెచ్చుకోమంటున్నాం" అని డాక్టరుగారు నచ్చజెప్పారు. మాత్రలు మొదలుపెట్టి, చెరువు కట్ట మీద రోజూ నడిచి, అయిదు నెలల తరువాత బీపీ అదుపులో ఉన్నప్పుడు డాక్టరు అనుమతితో బయలుదేరింది. ఒక్కరోజులో కాదు, మధ్యలో బంధువుల ఇంట ఆగి రెండు రోజుల్లో నడిచింది. కొడుకు సంచులు మోటారు సైకిలు మీద తెచ్చాడు. తరువాత బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు, "కొండ ఎక్కడికీ పోలేదు సిస్టరమ్మా, నేను వెళ్ళేదాకా అక్కడే ఉంది" అని నవ్వింది.

నాలుగు నెలల సాధన

సాధన మొదలుపెట్టే ముందు ఇంటికి వెళ్ళి రెండు వారాలు వేళకు తిని, కంటినిండా నిద్రపోండి. ఆ తరువాత లెక్క మొదలు.

1, 2 వారాలు: చదునైన చోట 15 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. బడి ఆవరణ, చెరువు కట్ట, వీధి ఏదైనా సరే.

3, 4 వారాలు: 20 నుంచి 25 నిమిషాలు.

5, 6 వారాలు: 30 నుంచి 35 నిమిషాలు. దాదాపు ఇక్కడికి వచ్చేసరికి వారానికి 150 నిమిషాలు అవుతుంది. పెద్దవారందరికీ కనీసం ఇంత నడకైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మొక్కు ఉన్నా లేకపోయినా ఇది మానవద్దు.

7, 8 వారాలు: 40 నుంచి 45 నిమిషాలు. నిదానంగా నడిచినా 3 కిలోమీటర్ల దాకా అవుతుంది.

9, 10, 11 వారాలు: మూడు రోజులు 45 నిమిషాలు. వారంలో ఒక రోజు మాత్రం పెద్ద నడక. అది ఒక గంటతో మొదలుపెట్టి, వారానికి పావుగంట చొప్పున పెంచాలి. వారానికి రెండుసార్లు డాబా మెట్లు ఎక్కి దిగాలి. మొదట అయిదుసార్లు. తరువాత వారానికి మూడేసి సార్లు పెంచాలి.

12వ వారం: అన్నీ తగ్గించండి. శరీరం బలపడేది విశ్రాంతిలోనే.

13, 14, 15 వారాలు: పెద్ద నడక గంటా ముప్పావు, తరువాత రెండు గంటలు, తరువాత రెండున్నర గంటలు. మధ్యలో కూర్చోవచ్చు. మీ ఊరికి దగ్గరలో చిన్న కొండ ఉంటే రెండుసార్లు ఎక్కి దిగి చూడండి. మొక్కు రోజు వేసుకునే చెప్పులు లేక బూట్లు, తీసుకువెళ్ళే సంచి అప్పుడే వాడి చూడాలి.

16వ వారం: 20 నిమిషాల తేలిక నడక మాత్రమే. బయలుదేరే ముందు రెండు రోజులు పూర్తి విశ్రాంతి.

ఈ లెక్క తప్పితే భయపడవద్దు. జ్వరం వచ్చినా, పెళ్ళిళ్ళు వచ్చినా, వరి కోతలు వచ్చినా వారం పోతుంది. పోయిన వారాన్ని తొందరపడి కలుపుకోవద్దు. ఒక మెట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. నాలుగు నెలలు అయిదు కావచ్చు, ఆరు కావచ్చు.

వేగం ఎంత? మాట్లాడుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. రెండు మాటలు కలిపి చెప్పలేకపోతుంటే వేగం తగ్గించండి. దూరం పెంచిన వారంలో వేగం పెంచవద్దు.

మరునాటి ఉదయం ఎలా ఉంది? కండరాల్లో కొద్దిపాటి నొప్పి ఉండి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది మామూలే. కీలు దగ్గర నొప్పి, వాపు, కుంటుతూ నడవవలసి రావడం మామూలు కాదు. నొప్పి మాత్ర వేసుకుని నడవకండి. నొప్పి మాత్రలు కొన్ని బీపీని పెంచుతాయి, మూత్రపిండాలకు హాని చేస్తాయి.

మెట్లు: ఎక్కడం కన్నా దిగడం కష్టం

ఎక్కేటప్పుడు గుండెకు, ఊపిరికి పని. దిగేటప్పుడు తొడ ముందు కండరాలకు, మోకాళ్ళకు పని. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి జనం పరుగు పరుగున దిగుతారు. మరునాడు లేవలేరు. కొండ దిగడానికి బస్సు ఉంటే మొదటిసారి బస్సులోనే దిగండి. అందులో తప్పేమీ లేదు.

ఇంట్లో రోజూ చేయదగిన మూడు తేలిక వ్యాయామాలు:

1. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి, పది అంకెలు లెక్కపెట్టేవరకు అలాగే ఉంచాలి. ఒక్కొక్క కాలికి పదిసార్లు.

2. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి నిలబడి, మెల్లగా కూర్చోవాలి. అయిదుతో మొదలుపెట్టి పదిహేను వరకు.

3. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మెల్లగా మడమలు దించాలి. పదిసార్లు. తరువాత గోడ దగ్గరే నిలబడి ఒంటి కాలి మీద కొద్దిసేపు ఆగడం నేర్చుకోవాలి. దీనివలన పడిపోవడం తగ్గుతుంది.

చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడవద్దు. ఒక మోకాలు నొప్పిగా ఉంటే కర్ర రెండో వైపు చేతితో పట్టుకోవాలి. బరువు ఎక్కువగా ఉన్నవారు కొంచెం తగ్గినా మోకాళ్ళకు చాలా హాయి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోను మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

పాదాలను చూసుకోండి

బూట్లు, చెప్పులు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ముందు వేలికి, బూటుకు మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొత్త బూట్లతో ఎప్పుడూ పెద్ద నడకకు వెళ్ళవద్దు. నూలు సాక్సులు చెమట పీల్చి తడిగానే ఉంటాయి. తడి వలన బొబ్బలు వస్తాయి. ఇంకొక జత సంచిలో ఉంచుకుని మధ్యలో మార్చుకోండి. ఎక్కడైనా వేడిగా, మంటగా అనిపిస్తే వెంటనే ఆగి ఆ చోట టేపు అంటించండి. బొబ్బ వచ్చిన తరువాత సూదితో పొడవకండి.

మొక్కు నడక చాలామంది వట్టి కాళ్ళతో చేస్తారు. షుగరు ఉన్నవారికి ఇది చాలా ప్రమాదం. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఎండకు కాలిన రాయి, గుచ్చుకున్న ముల్లు, గాజు పెంకు తెలియవు. చిన్న బొబ్బ పుండు అవుతుంది, పుండు వేలు తీసేవరకు తెస్తుంది. డ్రెస్సింగు గదిలో ఇలాంటివారిని చూస్తూనే ఉన్నాము. షుగరు ఉన్నవారు పాదరక్షలు లేకుండా నడవకూడదు. రోజూ రాత్రి ఇంటివారు ఎవరైనా వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం వెలుగులో చూడాలి. కొడుకు గాని, కోడలు గాని, మనవరాలు గాని చేయగలిగిన చిన్న సేవ ఇది.

షుగరు, బీపీ మందులు వాడేవారికి

1. మాత్రలు మానవద్దు, మీరే తగ్గించవద్దు. సాధన మొదలుపెడుతున్నామని డాక్టరుకు చెప్పండి. మార్పు అవసరమైతే వారే చెబుతారు.

2. ఇన్సులిన్ లేక గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి పెద్ద నడకలో షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, ఆకలి, గుండెదడ, తికమక మాటలు దీని గుర్తులు. వెంటనే ఆగి మూడు చెంచాల పంచదార లేక గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తరువాత బిస్కెట్లు గాని అన్నం గాని పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు.

3. నడిచే రోజున తొడకు ఇన్సులిన్ వేసుకోవద్దు. నడకతో అది త్వరగా రక్తంలో కలిసిపోతుంది.

4. పెద్ద నడక చేసిన రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. పడుకునే ముందు చూసుకోండి.

5. బయలుదేరే ఉదయం బీపీ 180/110 గాని అంతకు మించి గాని ఉంటే ఆ రోజు నడక వద్దు. డాక్టరును కలవండి.

6. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవారికి ఎండలో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఎంత నీరు తాగాలో ముందే అడిగి తెలుసుకోండి.

బయలుదేరే రోజు

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పెద్ద నడక పెట్టుకోవద్దు. ఏ కాలమైనా తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించేలా చూసుకోండి.

ఖాళీ కడుపుతో నడవకండి. గంట ముందు రాగి జావ, రెండు ఇడ్లీలు, అరటిపండు వంటి తేలిక ఆహారం తీసుకోండి. దాహం వేసేవరకు ఆగకుండా కొద్దికొద్దిగా నీరు తాగండి. చెమట ఎక్కువ పడితే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు నీటిలో కలిపి తాగవచ్చు. దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. బీపీ, షుగరు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీన్ని డాక్టరును అడిగి తాగాలి.

పెద్దవారిని ఒంటరిగా పంపకండి. కూడా వెళ్ళే ఇంటివారు ముందు నడవకూడదు, పక్కన గాని ఒక అడుగు వెనుక గాని నడవాలి. ముందు నడిస్తే పెద్దవారు మిమ్మల్ని అందుకోవాలని తొందరపడతారు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరి వేగం. మెట్ల దారిలో వందేసి మెట్లకు ఒకసారి రెండు మూడు నిమిషాలు కూర్చోండి. అలిపిరి నుంచి గాలిగోపురం వరకు ఎక్కుడు ఎక్కువ. అక్కడే బలమంతా ఖర్చు చేయకండి. పెద్దవారి మందుల చీటీ, ఇంటి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి వారి దగ్గరే ఉంచండి.

వెంటనే ఆగవలసిన గుర్తులు

ఛాతీ మధ్యలో బరువు, పట్టినట్లు ఉండడం. ఆ నొప్పి దవడకు, ఎడమ చేతికి, వీపుకు పాకడం. చల్లటి చెమటలు. కూర్చున్నా తగ్గని ఆయాసం. కళ్ళు తిరగడం. ఆడవారికి, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా వట్టి ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంతోనే గుండెపోటు రావచ్చు. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగించి నడిపించకండి. కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. కొండ దారిలో అయితే దగ్గరలోని సిబ్బందిని పిలవండి. ఒక్క అడుగు కూడా నడిపించకూడదు.

ఎండలో తికమకగా మాట్లాడడం, ఒళ్ళు కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, విసురుతూ 108ని పిలవండి.

ఇంటివారు తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాళ్ళు అరిగాయన్నారు. నడిస్తే ఇంకా అరుగుతాయా?

చదునైన చోట తగినంత నడక మోకాళ్ళకు మేలే చేస్తుంది. తొడ కండరం బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కానీ వేల మెట్లు ఎక్కి దిగడం వేరు సంగతి. అరుగుదల ఉన్నవారు మెట్ల దారి మానుకోవాలి.

ఉపవాసం ఉండి నడవవచ్చా?

షుగరు మందులు వాడేవారు ఎంతమాత్రం ఉండకూడదు. మిగతావారు కూడా ఉపవాసం ఒక రోజు, నడక మరొక రోజు పెట్టుకోవడం మంచిది.

రోజుకు పదివేల అడుగులు నడవాలా?

ఆ లెక్క 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కించే యంత్రం పేరు నుంచి వచ్చింది. వైద్యులు పెట్టిన హద్దు కాదు. నిన్నటికన్నా కొంచెం ఎక్కువ, అదే మీ లెక్క.

సగం దారిలో ఆగిపోతే?

ఆగిపోవడం ఓటమి కాదు. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే పదకొండు మంది బిడ్డల తల్లి, 1955లో 67 ఏళ్ళ వయసులో అపలాచియన్ ట్రెయిల్ అనే కొండ దారిలో సుమారు 3,300 కిలోమీటర్లు ఒంటరిగా నడిచింది. ఆమె పొలం పనులు చేసి గట్టిపడిన మనిషి. అయినా బయలుదేరే ముందు ఇంటి చుట్టుపక్కల నడుస్తూ దూరం పెంచుకున్నది. అన్నిటికన్నా ముఖ్యం, అంతకుముందు 1954లో ఆమె మొదటి ప్రయత్నం చేసి, దారి తప్పి, కళ్ళజోడు పగిలి, అటవీ సిబ్బంది మాట విని ఇంటికి తిరిగి వచ్చింది. తిరిగి రావడం వలననే మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళగలిగింది. మన పెద్దలకు కూడా ముందే చెప్పి ఉంచండి: "బాగా లేకపోతే ఎక్కడైనా ఆగిపోదాం, మళ్ళీ వద్దాం." ఈ మాట ఇంటి దగ్గరే అనుకుంటే, దారిలో వారు బాధను దాచుకోరు.

గుర్తుంచుకోండి

1. డిశ్చార్జి అయిన వారంలో మొక్కు నడక వద్దు. ముందు నిద్ర, ఆహారం, పరీక్షలు.
2. కనీసం నాలుగు నెలలు సాధన. మాట్లాడగలిగే వేగం.
3. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, కీళ్ళు ఆలస్యంగా అలవాటు పడతాయి. ఉత్సాహం చూసి దూరం పెంచవద్దు.
4. 60 దాటినవారికి, బీపీ, షుగరు, గుండె, కీళ్ళ జబ్బులు ఉన్నవారికి మెట్ల దారి వద్దు.
5. షుగరు ఉంటే వట్టి కాళ్ళతో నడవవద్దు. సంచిలో గ్లూకోజు ఉండాలి.
6. ఛాతీ బరువు, చల్లటి చెమట, తగ్గని ఆయాసం ఉంటే కూర్చోబెట్టి 108.
7. పెద్దవారి పక్కన నడవండి, ముందు నడవకండి.

ఈ పుస్తకం ఇంటికి తీసుకువెళ్ళి, మీ ఇంట్లో ఎవరు మొక్కుకున్నారో వారికి చదివి వినిపించండి. బీపీ ఎప్పుడు చూపించుకుంటారో ఇవాళే అడగండి. రేపు సాయంత్రం వారితో కలిసి పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రండి.